కాశీకి కారులో: మధ్యాహ్నం పన్నెండుకల్లా బండి నీడన ఉండాలి

ప్రశ్న: మేము బెంగళూరు మహదేవపురలో ఉంటాం. ఈ వేసవిలో ఇంటిల్లిపాదీ కారులోనే కాశీ వెళ్లాలనుకుంటున్నాం. మే 18న బయల్దేరి హైదరాబాద్, నాగ్‌పూర్, జబల్‌పూర్ మీదుగా కాశీ చేరి, గయ, పూరి, విశాఖ, విజయవాడ చూసుకుంటూ 16 రోజుల్లో ఇల్లు చేరాలని మావారి ఆలోచన. రోజుకి 600 కి.మీ. అవలీలగా నడుపుతానంటున్నారు. నాకు ఊళ్లో నడపడం వచ్చుగానీ హైవే అలవాటు లేదు. కారు 2019 నాటిది, పెట్రోలు, ఏడు సీట్లు, 38 వేల కి.మీ. మాత్రమే తిరిగింది. టైర్లు కంపెనీతో వచ్చినవే, గాట్లు ఇంకా బాగానే ఉన్నాయి. మామయ్యగారికి 70 ఏళ్లు, షుగర్‌కి ఇన్సులిన్, బీపీకి మాత్రలు వాడతారు. కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని ఆయన కోరిక. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. పాపకి పది, బాబుకి నాలుగు. ఏప్రిల్ రెండో వారంలోనే పిల్లలకి సెలవులిస్తారు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? — ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు:

ముందు తేదీ మార్చండి. మే 18న బయల్దేరితే మీ ప్రయాణంలో సగం రోహిణి కార్తెలో పడుతుంది. రోళ్లు పగిలే ఎండ అని మన పెద్దలు చెప్పిన రోజులవే. నాగ్‌పూర్ వైపు మే 25 నుంచి వచ్చే తొమ్మిది రోజుల్ని నౌతపా అంటారు. విదర్భలో అప్పుడు 45 డిగ్రీలు మామూలు విషయం. బెంగళూరులో 36 డిగ్రీలకే ఉస్సురనే ఒంటికి అది తట్టుకోలేని వేడి, అందులోనూ డెబ్బై ఏళ్ల మనిషికి, నాలుగేళ్ల పిల్లాడికి. సెలవులు ఏప్రిల్ రెండో వారంలోనే మొదలవుతాయంటున్నారు కదా, మీవారికి సెలవు దొరికితే ఏప్రిల్ 15, 20 మధ్య బయల్దేరండి. అప్పుడూ నాగ్‌పూర్‌లో పగలు నలభై దాటుతుంది. కానీ తెల్లవారుజామున హాయిగా నడపొచ్చు, రాత్రిళ్లు నిద్ర పడుతుంది. ఆ తేడా పెద్దది.

రెండోది, గయ, పూరి, విశాఖల చుట్టు మానుకోండి. మీరు రాసిన దారి మొత్తం కలిపితే దాదాపు 4,300 కి.మీ. వస్తుంది. కాశీలో మూడు రోజులు ఉన్నా, మిగిలిన పదమూడు రోజులూ ఒక్క పూట ఆగకుండా రోజుకి 330 కి.మీ. చొప్పున నడపాలి. కాగితం మీద అది చిన్న అంకెలాగే కనిపిస్తుంది. పూరిలో ఒక రోజు, విశాఖలో ఒక రోజు ఆగితే మిగతా రోజులు ఒక్కొక్కటీ 400కి చేరతాయి. ఎవరికైనా జ్వరం వస్తే సర్దుకోవడానికి రోజు మిగలదు. పైగా మామయ్యగారి తొమ్మిది రాత్రుల కోరిక ఇందులో ఏ మూలా పట్టదు.

మా సలహా ఇది. వెళ్లేటప్పుడు ఆరుగురూ కారులో వెళ్లండి, ఆరు రోజులు తీసుకోండి. మీరు నలుగురూ కాశీలో నాలుగు రోజులు ఉండి, ఐదు రోజుల్లో వచ్చిన దారినే తిరిగి రండి. ఒక రోజు చేతిలో మిగులుతుంది, దాన్ని దేనికీ రాసిపెట్టుకోకండి. అత్తయ్యగారు, మామయ్యగారు తొమ్మిది రాత్రులు పూర్తిచేసుకుని రైల్లోనో విమానంలోనో వస్తారు. మీరు బయల్దేరేనాటికి వాళ్లకి తోడుగా ఒక దగ్గరి మనిషి అక్కడికి చేరేలా చూసుకోండి. ఇన్సులిన్ తీసుకునే మనిషిని ఆ ఎండల్లో ఒంటరిగా వదలకూడదు. సంఘమిత్ర ఎక్స్‌ప్రెస్ రోజూ ఉంది. కాశీకి దగ్గర్లోని దీనదయాళ్ ఉపాధ్యాయ స్టేషన్లో, అంటే పాత మొఘల్‌సరాయిలో ఎక్కితే బెంగళూరు బైయప్పనహళ్లి టెర్మినల్లో దిగొచ్చు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. వేసవిలో కింది బెర్తులు కావాలంటే తెరిచిన రోజునే తీసుకోవాలి. మీ పనుల్లో గడువున్నది ఇదొక్కటే, కాబట్టి ముందు ఇది చూడండి.

ఇక రోజుకి 600 కి.మీ. అన్న మాట. నాలుగు వరుసల రోడ్డు మీద బండి 90లో పోతున్నా, టోల్ గేట్లు, టిఫిన్, బాత్రూం, పిల్లాడి వాంతి అన్నీ కలిపితే కుటుంబంతో సగటు గంటకి 60 కూడా గట్టిగా రాదు. అంటే 600 కి.మీ.కి పది పదకొండు గంటలు. ఉదయం ఐదుకి బయల్దేరినా మండే ఎండలో నాలుగు గంటలు రోడ్డు మీదే ఉంటారు. ప్రయాణాన్ని గడియారం ప్రకారం వేసుకోండి. తెల్లవారుజామున నాలుగున్నరకి కారు కదలాలి, పన్నెండుకల్లా, మరీ ఆలస్యమైతే ఒంటిగంటకి, గదిలో ఉండాలి. ఈ లెక్కకి 370 కి.మీ. నుంచి 440 వరకే పడుతుంది. కొందరు రాత్రి రెండింటికే లేచి బయల్దేరితే రోడ్డు ఖాళీగా ఉంటుందంటారు. వద్దు. రెండు నుంచి నాలుగున్నర దాకా ఒళ్లు నిద్రని వద్దన్నా లాక్కుంటుంది, కళ్లు తెరిచి ఉన్నా మెదడు కునుకు తీస్తుంది. నడిపే మనిషి ముందురోజు రాత్రి తొమ్మిదికే పడుకోవాలి. మధ్యాహ్నం గదిలో గంటన్నర నిద్రపోవాలి. సాయంత్రం ఏడు దాటాక హైవే మీద నడపకండి. వెనక దీపాల్లేని ట్రాక్టర్లు, ఎదురు దారిలో వచ్చే మోటారు సైకిళ్లు ఆ వేళకే ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడు దాటాక గాలిదుమారాలూ పిడుగులూ వస్తుంటాయి. పన్నెండుకి ఆగిపోతే ఆ బెడదా తప్పుతుంది.

ఈ లెక్కన మొదటి రోజు కర్నూలు, సుమారు 360 కి.మీ. హెబ్బాళ దాటి దేవనహళ్లి, చిక్కబళ్లాపుర మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి. బాగేపల్లి దాటకముందే ట్యాంకు నింపుకోండి, ఆంధ్ర, తెలంగాణల్లో పెట్రోలు కర్ణాటక కంటే ఖరీదు. రెండో రోజు నిర్మల్, ఇదే అన్నిటికంటే పెద్ద రోజు, సుమారు 440. హైదరాబాద్ ఊళ్లోకి దిగకుండా శంషాబాద్ దగ్గర ఔటర్ రింగు రోడ్డెక్కి, గచ్చిబౌలి మీదుగా పోయి, మేడ్చల్ వైపు కండ్లకోయ దగ్గర దిగితే మళ్లీ 44 మీదికే వస్తారు. ఆ రోజు ఎవరికైనా నలతగా ఉంటే కామారెడ్డిలోనే ఆగిపోండి, మిగిలిన దూరం మూడో రోజుకి సర్దుకుంటుంది. ఎందుకంటే మూడో రోజు నాగ్‌పూర్ దాకా 280 కి.మీ.లే. ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ వంతెన దిగితే మహారాష్ట్ర. నాలుగో రోజు జబల్‌పూర్, 270. సియోనీ దాటాక లఖ్‌నాదౌన్ దగ్గర 44ని వదిలి కుడివైపు 34వ నంబరు రోడ్డు పట్టాలి. మాటల్లో పడి నేరుగా పోతే సాగర్ దారిలో ఉంటారు. ఉదయం పదిన్నరకే జబల్‌పూర్ చేరతారు కాబట్టి, సాయంత్రం ఐదుకి భేడాఘాట్ పాలరాతి కొండలు, ధువాంధార్ జలపాతం చూపించండి. పిల్లలు రోజూ కారులో కూర్చుని విసిగిపోతారు, ఇలాంటి సాయంత్రం వాళ్లకి చాలా అవసరం.

ఐదో రోజు కట్నీ, మైహర్, రీవా మీదుగా ప్రయాగరాజ్, 370. రీవా దాటాక సోహాగీ ఘాట్ దిగుడు వస్తుంది. అక్కడ బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే ప్యాడ్లు వేడెక్కి పట్టు తప్పుతాయి. దిగుడు మొదలవకముందే గేరు మూడుకో రెండుకో తగ్గించి, ఇంజినే బండిని పట్టి ఉంచేలా దిగండి, బ్రేకు అవసరమైనప్పుడు మాత్రం గట్టిగా నొక్కి వదలండి. ఆరో రోజు తెల్లవారుజామునే త్రివేణి సంగమ స్నానం ముగించుకుని బయల్దేరితే కాశీ 125 కి.మీ.లే. తిరుగు ప్రయాణంలో ఫోను మ్యాపు జబల్‌పూర్ నుంచి రాయపూర్, జగదల్‌పూర్ మీదుగా 30వ నంబరు రోడ్డు చూపించవచ్చు. విజయవాడ పక్క ఇబ్రహీంపట్నం దాకా వచ్చే రోడ్డే అది, పేరు చూస్తే మనసు లాగుతుంది. కానీ బస్తర్ అడవుల్లో, కేశకాల్ ఘాట్‌లో పిల్లలతో ఆ సాహసం వద్దు. 44 మీదే రండి.

ఇప్పుడు కారు సంగతి. మీ ఉత్తరంలో మమ్మల్ని బాగా కలవరపెట్టింది టైర్ల గురించి రాసిన ఒక్క వాక్యం. గాట్లు బాగున్నాయని టైరు బాగున్నట్టు కాదు. రబ్బరు తిరిగినా తిరగకపోయినా ఎండకీ గాలికీ గట్టిపడి, లోపల పొరల మధ్య పట్టు సడలుతుంది. ఊళ్లో 40 వేగంలో ఆ లోపం బయటపడదు. ఆరుగురు మనుషులు, సామాను, 90 వేగం, కాలిన రోడ్డు, నాలుగూ కలిసినప్పుడు బయటపడుతుంది. టైరు పక్కన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2219 అని ఉంటే 2019లో 22వ వారం తయారైందని అర్థం. ఐదేళ్లు దాటిన టైర్లతో ఈ ప్రయాణం చేయొద్దు. నాలుగూ మార్చండి. కొత్తవి కొనేటప్పుడు కూడా ఆ అంకెలు చూసి, ఆరు నెలల లోపువే అడగండి. పాతవాటిలో మెరుగైనదాన్ని స్టెప్నీగా ఉంచుకోవాలని చూడకండి, స్టెప్నీ కూడా అదే వయసుది. కనీసం ఒక కొత్తది దానికీ కొనండి. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించాక మొదటి రెండు మూడు వందల కి.మీ. నెమ్మదిగా నడపాలి.

గాలి విషయంలో చాలామంది తలకిందులుగా ఆలోచిస్తారు. ఎండాకాలం టైరు వేడెక్కి పేలుతుంది కాబట్టి గాలి తక్కువ పెట్టాలంటారు. నిజానికి పేలుళ్లకి ఎక్కువసార్లు కారణం గాలి తక్కువ కావడమే. గాలి తగ్గితే టైరు పక్కగోడ ప్రతి చుట్టుకీ ఎక్కువగా వంగుతుంది, ఆ వంగడంతోనే వేడి పుడుతుంది, వేడికి పొరలు విడిపోతాయి. డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద అతికించిన పట్టీలో రెండు అంకెలుంటాయి, ఒకటి ఒకరిద్దరు ఎక్కినప్పటిది, రెండోది నిండు బరువుది. మీరు రెండోదాన్ని పెట్టాలి. తెల్లవారాక కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. నాలుగు గంటలు నడిచాక కొలిస్తే నాలుగు నుంచి ఆరు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది, అది సహజం, కంగారుపడి తీసేయకండి. తీసేస్తే సాయంత్రానికి టైరు గాలి తక్కువైనట్టే. సొంతంగా ఒక డిజిటల్ గేజు, సిగరెట్ లైటర్ సాకెట్‌కి తగిలించే చిన్న గాలి పంపు కొనుక్కోండి. బంకుల్లో గేజులు ఒక్కోటి ఒక్కోలా చూపిస్తాయి. నాగ్‌పూర్ తరవాత చాలా దూరం సిమెంటు రోడ్డు, దాని గరుకుకి టైరు మరింత వేడెక్కుతుంది. అక్కడ 90 దాటొద్దు. ఎంత జాగ్రత్తపడ్డా టైరు పేలితే బ్రేకు మీదికి కాలు పోనివ్వకండి. స్టీరింగు రెండు చేతులతో తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటరు మీంచి కాలు తీసి, బండి తనంతట తాను నెమ్మదించాక ఎడమకి తెచ్చి ఆపాలి.

తక్కువ తిరిగిన కారని మీరు నిశ్చింతగా ఉన్నట్టున్నారు. ఏళ్లు గడిచిన కారుకి రబ్బరుతో చేసినవన్నీ ముసలివవుతాయి. రేడియేటరు గొట్టాలు, ఇంజిను బెల్టు, వైపర్లు మెకానిక్ చేత నొక్కి చూపించుకోండి. పగుళ్లుంటే మార్చేయండి. బ్రేకు ఆయిలు తేమని పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాలి. మీరు ఎప్పుడూ మార్పించి ఉండకపోతే ఇప్పుడు తప్పదు, తేమ పట్టిన ఆయిలు ఘాట్ దిగేటప్పుడు వేడికి మరిగి పెడలు మెత్తబడుతుంది. ప్యాడ్లు మూడు మిల్లీమీటర్ల కంటే పల్చబడితే కొత్తవి వేయించాలి. బ్యాటరీ నాలుగేళ్లు దాటితే పరీక్ష చేయించండి. ఇంజిను ఆపి రాత్రంతా ఉంచాక 12.6 ఓల్టులు, ఇంజిను నడుస్తుండగా 13.8 నుంచి 14.4 చూపాలి. కూలెంట్ పాతదైతే మొత్తం మార్పించి, కంపెనీ చెప్పిన పాళ్లలోనే కలపాలి. వట్టి నీళ్లు పోస్తే తుప్పు, పాచి పేరుకుంటాయి. రేడియేటరు ముందు ఏసీ కండెన్సరు రెక్కల్లో ఇరుక్కున్న దుమ్ము, పురుగుల్ని నెమ్మదిగా నీళ్లతో కడిగించండి, నలభై డిగ్రీల్లో ఏసీ చల్లబడకపోవడానికి సగం కారణం అదే. ఈ పనులన్నీ బయల్దేరడానికి పదిహేను రోజుల ముందే చేయించాలి. ముందురోజు సర్వీసింగు చేయిస్తే బిగించడం మరిచిన క్లిప్పు ఒకటి అనంతపురం దగ్గర బయటపడుతుంది.

చాలా కార్లలో ఇప్పుడు వేడి చూపే ముల్లు ఉండదు, ఎర్ర దీపం మాత్రం వెలుగుతుంది. వెలిగితే ఏసీ ఆపి, హీటరు పూర్తిగా పెట్టి, అద్దాలు దించి, చోటు చూసుకుని ఎడమకి ఆపండి. హీటరు ఇంజిను వేడిని కొంత లోపలికి లాగేస్తుంది. ముప్పావుగంట ఆగకుండా రేడియేటరు మూత ముట్టుకోకండి. లోపల ఒత్తిడిలో ఉన్న నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. కారు కోసం విడిగా ఐదు లీటర్ల నీళ్ల క్యాన్ ఎప్పుడూ ఉండాలి.

సామాను. మూడో వరస సీట్లు లేపితే మీ డిక్కీలో రెండు చిన్న సూట్‌కేసులకి మించి పట్టవు. పైన క్యారియరు మీద బరువు పెడితే గాలికి బండి ఊగుతుంది, పెట్రోలూ ఎక్కువ తాగుతుంది. మనిషికొక మెత్తటి సంచి చాలు, అవి సందుల్లో ఒదుగుతాయి. ప్రతి మూడో రోజూ గదిలో ఉతుక్కోవచ్చు, ఆ ఎండకి రెండు గంటల్లో ఆరిపోతాయి. వెనక సీటు తలగడ ఎత్తు దాటి ఏదీ పేర్చకండి, గట్టిగా బ్రేకు వేస్తే అది పిల్లల మెడ మీదికే వస్తుంది. చాలా ఏడు సీట్ల కార్లలో స్టెప్నీ బండి కింద వేలాడుతుంది, దాన్ని దించే బోల్టు మాత్రం డిక్కీలో ఉంటుంది. ఆ బోల్టు మీద, జాకీ, పానాల మీద సామాను పేర్చకండి. అడుగు చదరం చెక్క ముక్క ఒకటి కూడా వేసుకోండి. ఎండకి తారు మెత్తబడి జాకీ దిగబడిపోతుంది, కింద చెక్క ఉంటే నిలుస్తుంది. బండి లేపకముందే నట్లు కొంచెం వదులు చేసుకోవాలన్నది మరవకండి.

సీట్లలో మామయ్యగారిని ముందు కూర్చోబెట్టండి, కాళ్లు చాపుకోవచ్చు. బాబుకి పిల్లల సీటు బిగించి రెండో వరసలో ఉంచండి. మూడో వరస వెనక చక్రాల మీద ఉంటుంది, కుదుపు ఎక్కువ, కడుపులో తిప్పేది అక్కడే. నడపనప్పుడు మీరో మీవారో, పాపో అక్కడ సర్దుకోవాలి. అత్తయ్యగారి మోకాళ్లకి అది పనికిరాదు. పక్క అద్దాలకి నల్ల ఫిల్ము వేయించకండి, తీసి పెట్టుకునే వల తెరలు చాలు. ఆరుగురు ఊపిరి పీల్చే కారులో ఏసీ గాలి లోపలే తిరుగుతుంటే గంటకల్లా గాలి బరువెక్కి డ్రైవరుకి కునుకు వస్తుంది. గంటకోసారి రెండు నిమిషాలు బయటి గాలి మీట తెరవండి.

మామయ్యగారి విషయంలో బయల్దేరే ముందు వైద్యుడిని మూడు ప్రశ్నలు అడగండి. మొదటిది, బీపీ మాత్రల్లో ఒంట్లోని నీటిని బయటికి పంపేది ఉందా, ఉంటే ఎండల్లో మోతాదు మార్చాలా. రెండోది, తెల్లవారుజామున ప్రయాణం కాబట్టి ఇన్సులిన్ ఎప్పుడు తీసుకోవాలి. ఇక్కడే చాలామంది పొరపడతారు. నాలుగింటికి సూది వేసుకుని, టిఫిన్ దొరికేసరికి ఎనిమిదైతే దారిలోనే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తడబాటు కనిపిస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. ఆ డబ్బా ఆయన చేతికందే చోట ఉండాలి. మూడోది, ఇన్సులిన్ ఎలా మోయాలి. వాడుతున్న పెన్ను మామూలుగా 30 డిగ్రీల లోపు వేడిలో నెల దాకా ఆగుతుంది. డాష్‌బోర్డులోనో ఆపిన కారులోనో గంట ఉంటే పాడవుతుంది. అలాగని ఐసు ముక్కలకి ఆనించి పెట్టినా గడ్డకట్టి పనికిరాదు. తడిపితే చల్లబడే సంచులు మందుల షాపుల్లో దొరుకుతాయి, అవి మంచివి. ఆగిన ప్రతిచోటా ఆ సంచి మీతోపాటు దిగాలి. షుగర్ చూసే పట్టీలకీ ఇదే వర్తిస్తుంది.

పెద్దవాళ్లు, ఆడవాళ్లు దారిలో బాత్రూం దొరకదేమోనని నీళ్లు తాగరు. నీరసం, కళ్లు తిరగడం అక్కణ్నుంచే మొదలవుతాయి. రెండు గంటలకోసారి తప్పకుండా ఆపుతామని ముందే మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. పెట్రోలు బంకుల్లో బాత్రూం, తాగునీరు ఉచితంగా ఇవ్వాలి, పెట్రోలు పోయించుకున్నా పోయించుకోకపోయినా. ఆగినప్పుడు మామయ్యగారు, అత్తయ్యగారు ఐదు నిమిషాలు నడవాలి, లేకపోతే పాదాలు వాస్తాయి. మనిషికి రోజుకి మూడు లీటర్ల చొప్పున నీళ్లు లెక్కేసుకోండి. ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు పది కొనండి, లీటరు ప్యాకెట్టుని లీటరు నీళ్లలోనే కలపాలి. డబ్బాల్లో అమ్మే తీపి పానీయాలు దానికి సాటిరావు. మనిషి ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. నీడకి చేర్చి, బట్టలు తడిపి, విసురుతూ, మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో చల్లటి గుడ్డలు పెట్టి 108కి ఫోను చేయండి. జ్వరం మాత్ర వడదెబ్బని తగ్గించదు. స్పృహ సరిగా లేని మనిషికి నోట్లో నీళ్లు పోయొద్దు. ఇంకొకటి, ఎండలో ఆపిన కారు పది నిమిషాల్లోనే పది డిగ్రీలు వేడెక్కుతుంది. బాబు నిద్రపోతున్నాడు కదా, ఐదు నిమిషాల్లో వచ్చేస్తామని వదిలి వెళ్లకండి.

తిండికి కొంచెం ముందుచూపు కావాలి. నాగ్‌పూర్ దాటాక ఉదయం పోహా, జిలేబీ, మధ్యాహ్నం రోటీ, పప్పు, ఆలుగడ్డ కూర. పిల్లలకి రెండు రోజుల్లో అన్నం మీదికి మనసు మళ్లుతుంది. కందిపొడి, నెయ్యి, ఆవకాయ ఉంటే ధాబా అన్నం కూడా ఇంటి భోజనంలా దిగుతుంది. మొదటి రోజుకి చింతపండు పులిహోర చాలు, సాయంత్రం దాకా నిలుస్తుంది. పెరుగన్నం కలిపి తెస్తే ఎండకి పులిసిపోతుంది. అన్నంలో కాచి చల్లార్చిన పాలు ఎక్కువగా పోసి, ఒక చెంచా పెరుగు కలిపి డబ్బాలో పెట్టండి, తినే వేళకి కమ్మగా తోడుకుంటుంది. జంతికలు, అటుకుల చుడువా, పాపకి సున్నుండలు పట్టుకెళ్లండి.

టోలుకి, 2025 ఆగస్టు 15న ఫాస్టాగ్ వార్షిక పాసు వచ్చింది. మొదలైనప్పుడు ధర 3,000 రూపాయలు, ఏడాదిలో 200 సార్లు టోల్ గేట్లు దాటొచ్చు. రాను పోను దూరానికి ఇది లాభమే. రాజ్‌మార్గ్ యాత్ర యాప్‌లో తీసుకోవచ్చు. మీ ఫాస్టాగ్ ఛాసిస్ నంబరు మీద కాక బండి నంబరు మీద ఉండాలి, ఉందో లేదో ముందే చూసుకోండి. పాసు జాతీయ రహదారులకే, హైదరాబాద్ ఔటర్ లాంటి చోట్ల మామూలుగా డబ్బు పడుతుంది కాబట్టి వాలెట్‌లో కొంత ఉంచండి. దారిలో బండి ఆగిపోతే 1033కి చేయండి, జాతీయ రహదారులన్నిటికీ ఆ నంబరే. హజార్డు లైట్లు వేసి, యాభై మీటర్ల వెనక త్రికోణం పెట్టి, అందరూ ఎడమ తలుపుల నుంచి దిగి ఇనుప కమ్మీ అవతల నిలబడాలి. కారు లోపల కూర్చుని ఎదురుచూడడం అన్నిటికంటే ప్రమాదం.

కాశీలో కారుతో పని ఉండదు. గొదౌలియా, ఘాట్ల సందుల్లోకి కార్లు పోవు. సొంత పార్కింగు, లిఫ్టు ఉన్న హోటల్‌ని కంటోన్మెంటు వైపో సిగ్రా వైపో చూసుకుని, ఊళ్లో ఈ-రిక్షాల్లో తిరగండి. తొమ్మిది రాత్రుల నిద్రకి అత్తయ్యగారు, మామయ్యగారు మానసరోవర ఘాట్, కేదార ఘాట్ చుట్టుపక్కల ఉంటే తెలుగు మాట, తెలుగు భోజనం దొరుకుతాయి. ఆంధ్రాశ్రమం అక్కడే ఉంది. గది ముందే అడిగి పెట్టుకోండి, కింది అంతస్తు కావాలని చెప్పండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి మెట్లు ఎక్కువున్న ఘాట్ల కంటే అస్సీ ఘాట్, నమో ఘాట్ సుఖం. విశ్వనాథుడి గుళ్లోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, గదిలోనే పెట్టి వెళ్లండి. రాళ్లు కాలకముందే, తెల్లవారుజామునే దర్శనానికి వెళ్లడం మేలు.

ఇవన్నీ చేశాక, బయల్దేరడానికి వారం ముందు ఒక ఆదివారం లేపాక్షికి వెళ్లి రండి. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర మలుపు, మీ ఇంటి నుంచి రాను పోను సుమారు 240 కి.మీ. ఆరుగురూ ఎక్కాలి, కాశీకి పట్టుకెళ్లే సంచులన్నీ కారులో ఉండాలి, నాలుగున్నరకే కదలాలి. దేవనహళ్లి దాటాక చిక్కబళ్లాపుర నుంచి బాగేపల్లి దాకా స్టీరింగు మీరు తీసుకోండి. ఎడమ వరసలో 70, 80 వేగంలో, లారీని దాటడం, టోల్ గేటు, యూటర్ను, అన్నీ ఒకసారి చేతికి రావాలి. కాశీ దారిలో రోజూ ఆరున్నర నుంచి తొమ్మిది దాకా నడిపే వంతు మీదే, మీవారికి ఆ రెండున్నర గంటలు పెద్ద ఊరట. తిరిగొచ్చేటప్పుడు ఏసీ ఎలా పనిచేసిందో, మూడో వరసలో ఎవరికి తిప్పిందో, టైర్లలో గాలి నిలిచిందో రాసుకోండి. ఇంటికొచ్చాక మామయ్యగారి పాదాలు చూడండి. వాచి ఉన్నా, షుగర్ ఎప్పటికంటే ఎక్కువ ఊగినా, ఆయనకి, అత్తయ్యగారికి వెళ్లేటప్పుడు కూడా రైల్లోనో విమానంలోనో టికెట్లు తీయండి, పెట్రోలూ గదులూ ముందే లెక్కేసుకున్నామని వెనకాడకండి. అక్కడ దిగగానే మీరే ఎదురెళ్లి తీసుకొస్తే ఆయన తొమ్మిది రాత్రులూ నిక్షేపంలా గడుస్తాయి.